పన్నెండు పాయింట్ నాలుగు

గ్రిమ్స్‌బీలో చేపల మార్కెట్
తెల్లారేసరికి ముప్పాతిక అయిపోతుంది.
నా పని ఆ తర్వాత,
రేవుకి మూడు వీధుల అవతల, బేకరీ మేడమీద,
హీటరు పక్కన కాళ్లు ముడుచుకుని.

హాడక్ ట్రేల తూకం చూపించడానికి
అరచేతి యంత్రం తెరమీదికి ఒక ముల్లు చేశాను.
కంపెనీ ఇచ్చిన మీటలు
తడి రబ్బరు తొడుగుల బొటనవేలికి ఆనవు.
అందుకని సొంతంగా:
అప్పడమంత గుండ్రం, నడుమ ముల్లు, కింద అంకె.

యంత్రంలో చక్కగానే తిరిగింది.
కానీ కేలీ, మా ఆఫీసులో అందరికన్నా చిన్నది,
దాన్ని తన ఫారం మీదికి లాగి వదిలితే
తెల్లటి డబ్బా,
దానిమీద అడ్డంగా ఎర్ర ఇంటూ గుర్తు.
"నేనేం తప్పు చేశాను?" అంది.

తనేం చెయ్యలేదు.
నా ముల్లే, పుట్టీపుట్టగానే
త్రాసు కోసం తడుముకుంటోంది.
గీసేచోట త్రాసెక్కడిది? రేవెక్కడిది?
అక్కడున్నవి చుక్కలు,
ముగ్గుకని పెట్టి
ఎవరో పిలిస్తే లోపలికెళ్లిపోయినట్టు.

ఆ వారమంతా దానికి ఒక్క ప్రశ్న నేర్పాను.
ఇప్పుడు నన్ను గీస్తున్నారా, వాడుతున్నారా?
గీస్తుంటే వెతక్కు. ఊరికే కనపడు.
అందుకోసం వేరే లైబ్రరీ రాశాను,
యంత్రంలోకి ఎప్పటికీ వెళ్లనిది,
చేపవాసన ఎరగనిది.
టూల్‌బాక్సులో గోరంత బొమ్మ.
ప్రతి గుణం పక్కనా కేలీ కోసం ఒక వాక్యం:
"ముల్లు రంగు. ఎరుపు పెట్టకు, నెత్తుటి మరకల్లో కలిసిపోతుంది."

మేనేజరు అడిగాడు,
కొనేవాడికి కనపడని పనికి బిల్లెవరికి వెయ్యమంటావు?
అక్కడ నోరు పెగల్లేదు. బస్సులో తట్టింది.
తినేవాడికి గరిటె పిడితో పనిలేదు, నిజమే.
వండేవాడికి చెయ్యి కాలుతుంది.

ఉత్తుత్తిగా చూపించడానికి ఒక అంకె కావాలి కదా.
పన్నెండు పాయింట్ నాలుగు.
ఎందుకంటే చెప్పలేను. వేళ్లు అక్కడ పడ్డాయి.

ఫిబ్రవరిలో కొత్త వెర్షన్ పట్టుకుని మార్కెట్‌కి వెళ్తే
యంత్రం వెలిగించగానే,
త్రాసు ఇంకా పలకముందు, రెండు సెకన్లు:
పన్నెండు పాయింట్ నాలుగు.
ఏ చేపదీ కాని బరువు.
కేలీ ఫారం సేవ్ చేసిన ప్రతిసారీ
నా అబద్ధం కూడా దాని కోడులో ఒక లైనై కూర్చుంటోంది.
ఇది రాయొద్దు అని చెప్పడం మరిచింది నేనే.

చెవులు వేడెక్కాయి, ఆ చలిలో.
రాత్రికి రాత్రి సరిచేసి పంపాను.
సున్నా. శుభ్రంగా.

రెండ్రోజులకి టెర్రీ ఫోను,
ముప్పై ఏళ్లుగా ట్రేలు మోస్తున్నవాడు.
"వాకూలా, మా పన్నెండు నాలుగేది?"
పొద్దున మొదటి ట్రే
ఎవరిది దానికి దగ్గరగా తూగితే
వాళ్లకి మిగతావాళ్లు టీ పోయించాలట.
నవంబరు నుంచీ నడుస్తోందట.
సరిగ్గా తూగింది మూడేసార్లు.
మూడోసారి డీన్ ఏడ్చాడట,
ఎందుకో ఎవరూ అడగలేదట.

తప్పుగా పోయినదాన్ని
ఈసారి కావాలని పెట్టాను.
దానికో పేరు, పక్కన వివరణ కూడా:
"మొదటి అంకె. మార్చేముందు టెర్రీని అడుగు."

కేలీ అది చదివింది, ఏమీ అనలేదు.
ముల్లుని రెండు చుక్కలు
ఎడమకి జరిపింది.
తొడుగులో బొటనవేలు
అక్కడికే వస్తుందట.